చేప వైపు మనిషి

ఆయన పోయిన సంగతి ఆయన భార్యే ఫోన్ చేసి చెప్పింది.

"మీ అన్న పోయినాడు నాయనా. మొన్న మద్యానం. నిన్న ఎత్తేసినారు," అంది. నేను ఏదో ఒకటి అనేలోపే మళ్ళీ అంది. "నీ గాలం కర్ర ఇంకా తిరగతానే ఉండాది. ఆపల్లో వద్దో నాకు తెల్దు. వచ్చి సూసుకో."

"వస్తా వదినా," అని పెట్టేశాను. కంప్యూటర్ మీద మామిడికాయల ధర గురించిన వార్త సగంలో ఉంది. పూర్తిచేసి పంపించాను. లేచి మంచినీళ్ళు తాగాను. మళ్ళీ కూర్చున్నాను. సొంత అన్న కాకపోయినా, అంత దగ్గరి మనిషి పోతే ఏదో ఒకటి అనిపించాలి కదా అని కాసేపు కాచుకుని చూశాను. ఏమీ అనిపించలేదు.

నేను తిరుపతిలో ఒక పత్రికకు విలేఖరిని. ఊళ్ళో ఎవరు పోయినా నాలుగు ముక్కలు రాసి పంపడం నా పనిలో భాగం. రాసి రాసి చెయ్యి తిరిగింది, మనసు బండబారింది. "అనారోగ్యంతో బాధపడుతూ" అని మొదలుపెడితే చాలు, "పలువురు సంతాపం తెలిపారు" దగ్గరికి వాక్యం దానంతట అదే నడిచి పోతుంది. ఈయన గురించి కూడా మనసులో అలాగే మొదలుపెట్టాను. రెండో ముక్కకే బండి ఆగిపోయింది. ఈయన ఎవరని రాయాలి? కొండ కింద ఊళ్ళో కూర్చుని గాలం కర్రలు చేసిన మనిషి, జన్మలో చేప తిననివాడు, ఒక్క చేపను కూడా పట్టనివాడు. ఇట్లా రాసి పంపితే డెస్కులో వాళ్ళు ఫోన్ చేసి, "అన్నా, ఒంట్లో బాగుండాదా?" అని అడుగుతారు. అందుకని పత్రికకు ఏమీ పంపలేదు. ఇది నా కోసం రాసుకుంటున్నది.

తిరుచానూరు రోడ్డు మీదనుంచి లోపలికి చీలిపోయే ఒక సన్నటి వీధిలో ఆయన ఇల్లు. ఆ వీధి పొడవునా అరుగుల మీద ఆడవాళ్ళు కూర్చుని పూలు కడుతుంటారు. ఇంటి ముందుగదే దుకాణం. బోర్డు లేదు. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకు చెప్పగా మద్రాసు నుంచి, నెల్లూరు నుంచి, బెంగుళూరు నుంచి మనుషులు కార్లలో వచ్చి ఆ వీధిలో ఇరుక్కుపోయేవాళ్ళు. ఎవరి ఎత్తుకు, ఎవరి చేతికి, ఎవరు పట్టే చేపకు తగ్గట్టు వాళ్ళకు కర్ర చేసిచ్చేవాడు. కార్బన్ కడ్డీ తెచ్చి, దారం దూరే రింగుల్ని పట్టుదారంతో దానికి బిగించి చుట్టి, ఆ చుట్ల మీద జిగురు పూసేవాడు. తర్వాత దాన్ని ఒక చిన్న మోటారుకు తగిలించేవాడు. దేవుడి పటాల వెనక రంగుల చక్రం తిరుగుతుంటుంది చూడండి, ఆ మోటారు. కర్ర మెల్లగా తిరుగుతూ ఆరితేనే జిగురు ఒకపక్కకు జారకుండా గాజులా నిలుస్తుందట.

రీళ్ళ సంగతి, అంటే కర్రకు బిగించి దారం చుట్టుకునే చక్రాల సంగతి వేరు. పాత రీలు బాగుచేయించుకోవడానికి ఎవరు తెచ్చినా అది నేరుగా గడప దాటడానికి లేదు. బయట కొళాయి దగ్గర నిమ్మచెక్కతో రుద్ది కడిగితే, ఆయన భార్య లోపలినుంచి వచ్చి దాని మీద పసుపునీళ్ళు చల్లేది. "సేప వాసన నా ఇంట్లోకి రాగూడదు. అంతే," అనేది. వచ్చినవాళ్ళు ఎంత లక్షాధికారులైనా పసుపునీళ్ళు పడేదాకా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆయన చేతిలో పడిన రీళ్ళన్నిటికీ ఎక్కడో ఒకచోట పసుపు మరక ఉండేది. మద్రాసులో ఆ మరక చూసి ఇది తిరుపతి సామి రీలు అని గుర్తుపడతారని ఒకాయన నాతో చెప్పాడు. చెబితే ఆవిడ మురిసిపోతుందనుకుని నేను చెప్పాను. "అయితే బాగా చల్లలేదన్నమాట, ఒక మూలే అంటింది," అంది.

ఆయన మాట్లాడేది తక్కువ. పని చేసేటప్పుడు కింది పెదవి లోపలికి లాక్కునేవాడు. రీలు విప్పితే లోపలి సామాను మొత్తం అన్నం తినే స్టీలు పళ్ళెంలో గుండ్రంగా పేర్చుకునేవాడు, తీసిన వరసలోనే. ఆ పళ్ళెంలో ఆయన ఉన్నంతసేపు భార్య అయినా సరే పలకరించడానికి వీల్లేదు. బిగించాక రీలును చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, శబ్దం నచ్చకపోతే మళ్ళీ మొదటినుంచీ విప్పేవాడు. నూనె ఎక్కువైతే బట్టతో అద్ది అద్ది తీసేవాడు. వీటన్నిటికీ ఓపిక ఉన్న మనిషికి కాఫీ చల్లారితే మాత్రం ఓపిక ఉండేది కాదు. అప్పుడొక్కటే ఆయన గొంతు వీధిలోకి వినబడేది.

అయితే వీధి మొత్తానికీ ఆయన తెలిసింది ఇందుకు కాదు. కర్ర తయారయ్యాక దాన్ని కాగితం చుట్టి చేతికివ్వడం ఆయనకు తెలియదు. పట్టుకుపోయేవాడు వీధిలో నిలబడి కర్ర పట్టుకోవాలి. దారం కొస, అదే మావైపు తంగూసు అంటామే ఆ నైలాను దారం, ఆయన పట్టుకుని వీధి చివరికి పోతాడు. అక్కడినుంచి చేప అవుతాడు.

నేను మొదటిసారి చూసింది నెల్లూరు నుంచి వచ్చిన ఒక రొయ్యల వ్యాపారితో. ఏనుగులాంటి మనిషి.

"ఎంత సేప కావల్ల?" అని అడిగాడు ఈయన.

"పది కేజీలు పెట్టు సామీ."

"పది కేజీలంటే పరిగెత్తల్ల. ఉండు, పంచ ఎగ్గట్టుకుంటా."

చెప్పులు విడిచి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, కళ్ళు మూసుకుని ఆ ముసలిప్రాణి వీధిలో అటు ఇటు దూసుకుపోతుంటే పూలు కట్టే ఆడవాళ్ళు తలల మీదికి వచ్చిన తంగూసును ఒక వేలితో ఎత్తి మళ్ళీ పూలు కట్టుకున్నారు. వాళ్ళకిది మామూలే. "సామీ, ఈ పొద్దు ఏం సేప?" అని ఒకామె. "బొచ్చె," అన్నాడు ఆగకుండానే. "నిన్నటిదానికన్నా బక్కసిక్కిందే," అని ఇంకొకామె. సేపసామి అని పేరు పెట్టింది కూడా వాళ్ళే. వ్యాపారి ఉత్సాహం కొద్దీ కర్రను గుంజాడు. ఈయన వెంటనే దారం వదిలేసి, పంచె దించుకుని, తాపీగా నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు.

"నోరు సినిగిపోయింది. నేను పోయినా," అన్నాడు.

రీలుకు బ్రేకు ఒకటుంటుంది. చేప లాగితే దారం ఎంత సులువుగా వదలాలో అది చూసుకుంటుంది. ఈయన దాన్ని ఎప్పుడూ ఒక పిసరు వదులుగానే పెట్టి ఇచ్చేవాడు. ఎందుకన్నా అని అడిగితే, "సేప దిక్కున గూడా ఒకడుండల్ల గదప్పా," అన్నాడు. ఇంటికి పోయాక అందరూ దాన్ని బిగించుకుంటారని ఆయనకు తెలుసు. అయినా వదులుగానే పెట్టేవాడు.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి ఆయన భార్య తలకొట్టుకునేది. "నడివీధిలో ఈ కోతిసేష్టలు ఎవురికి కావల్ల? మనవళ్ళు పుట్టాల్సిన వయసు," అనేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ మాట ఆమె అనడం, ఆయన విననట్టు కాళ్ళు కడుక్కోవడం నేను చాలాసార్లు చూశాను.

నేను అక్కడికి మామూలు గిరాకీగానే వెళ్ళాను. ఆదివారం పూట నాయుడుపేట దగ్గర ఒక చెరువుకు పోయి గాలం వేసుకుని కూర్చోవడం నాకున్న ఒకే ఒక వ్యసనం. ఆ తర్వాత నాకు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, నడక పోలేదు. కుడిచెయ్యి పడిపోయింది. వ్యాయామాలు చేయించి చేయించి పట్టు తెప్పించారు. స్పర్శ మాత్రం రాలేదు. గ్లాసు పట్టుకుంటాను, వేడిదో చల్లదో తెలియదు. ఒకసారి స్టవ్ పక్కన చెయ్యి పెట్టుకుని మాట్లాడుతున్నాను, వాసన వస్తే గానీ కాలిందని తెలియలేదు. నా చెయ్యే, నా భుజానికే వేలాడుతోంది, ఎవరిదో సామాను మోస్తున్నట్టు ఉండేది.

ఎడమచేత్తో గాలం వేసుకోవచ్చు కదా అని అందరూ అన్నారు. వేసుకోవచ్చు. అప్పటికే ఎడమచెయ్యి అన్నం తింటోంది, సంతకం పెడుతోంది, వార్తలు టైపు చేస్తోంది. కుడిచేతికి ఒక్కటైనా మిగలాలని నాకు మొండిపట్టు. నాకు కావలసింది చేప కాదు. ఆ చేతికి ఏదో ఒకటి తెలియడం. ఇది ఇంట్లో చెబితే జాలిగా చూస్తారని చెప్పలేదు. ఆయనకు చెప్పాను. ఆయన జాలిపడలేదు.

"కుడిసేతికే సేద్దాం," అన్నాడు.

అక్కడ ఉన్న ఒక కర్ర నా చేతికిచ్చి, దారం కొస పట్టుకుని వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. ఆ మూలగోడకు ఆయనే ఒక రింగు బిగించి పెట్టుకున్నాడు, దారం గోడకు ఒరుసుకోకుండా. "తెలిస్తే తెలిసిందను," అని కేకేశాడు. నా చేతికి ఏమీ తెలియలేదు. కర్ర కొస కదలడం కంటికి కనబడింది. "తెలిసింది," అన్నాను. ఇంకోసారి కదిలింది. "తెలిసింది," అన్నాను. అట్లా అంటూనే ఉన్నాను. పక్కన ఎవరో దగ్గితే చూశాను. ఆయన నా వెనక కాఫీ తాగుతూ నిలబడి ఉన్నాడు.

"నేను దారం వొదిలేసి శానా సేపయిందప్పా. అది గాలికి కదలతా ఉండాది," అన్నాడు. తిట్టలేదు, నవ్వలేదు. నన్ను లోపల కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. కడ్డీ ముక్క ఒకటి తీసుకుని నా వేలి చివరనుంచి పైకి తాకిస్తూ వచ్చాడు.

"ఈడ?"

"లేదు."

"ఈడ?"

"లేదన్నా."

మణికట్టు దాటింది, ముంజేయి దాటింది. నేను లేదు లేదు అంటూనే ఉన్నాను, నాకు భయం పట్టుకుంది. మోచేతికి కాస్త కిందుగా ఒకచోట, ఎవరో పిలిచినట్టు తెలిసింది. "ఆ," అన్నాను. రింగులు ఎక్కడ రావాలో కడ్డీల మీద గుర్తు పెట్టుకునే తెల్ల పెన్సిలుతో అక్కడ చెయ్యి చుట్టూ ఒక గీత గీశాడు. "నీ సెయ్యి ఈడ మొదలయ్యేది. కర్ర ఈడికి రావల్ల," అన్నాడు. ఆ రాత్రి స్నానం చేసినా ఆ గీత ఒకపట్టాన పోలేదు, నేను కూడా గట్టిగా రుద్దలేదు.

పిడి పొడవు పెంచి, దాని మొదలు ముంజేతి అడుగునుంచి మోచేతిదాకా వచ్చి ఆనేటట్టు చేశాడు. వీధిలో కళ్ళు మూసుకుని పట్టుకున్నాను. ఆయన మలుపు అవతలనుంచి లాగితే మోచేతి కింద నిజంగానే తెలిసింది. లాగనప్పుడు ఏమీ తెలియలేదు. అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ సంతోషంలో ఆదివారం చెరువుకు పరిగెత్తాను. సాయంత్రం దాకా కూర్చున్నాను. ఒక్కసారీ తెలియలేదు. పైకి లాగి చూసినప్పుడల్లా గాలానికి పెట్టిన పిండి మాయమై ఉండేది.

"నువ్వు లాగితే తెలస్తా ఉండాదన్నా. చేప ముట్టితే తెలియడం లేదు," అన్నాను మర్నాడు.

"ముట్టడమంటే?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నిజంగానే అడుగుతున్నాడు. చేప ఎర చూడగానే మింగదని, ముందు మూతితో ముడుతుందని, ఉమ్మేసి మళ్ళీ ముడుతుందని, ఆ ముట్టినప్పుడే చెయ్యి పసిగట్టాలని చెప్పాను. ఆయన అలాగే స్టూలు మీద కూలబడ్డాడు. మామూలు చేతులున్నవాళ్ళకు ఏ కర్రతోనైనా అది తెలిసిపోతుంది. అందుకని ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.

"ఇన్నేండ్లూ నేను గాలం మింగిన సేపనే అయినానప్పా. మింగకముందు సేప ఏం సేస్తాదో నాకు తెల్దు," అన్నాడు. అంత దిగులుగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. కాఫీ చల్లారిపోయినా ఏమీ అనలేదు.

తర్వాతి ఆదివారం నాతో బస్సెక్కాడు. పెరుగన్నం డబ్బా, ఒక పొట్లంలో గోధుమపిండి ముద్ద. చేపలకు మేత వేస్తే పుణ్యమని చెప్పి ఆ ముద్ద భార్యతోనే పిసికించాడట. గాలం వద్దన్నాడు. ఒట్టి తంగూసు కొసకు పిండి అంటించి నీళ్ళలోకి వదిలి, దారాన్ని చూపుడువేలి మీద వేసుకుని, కళ్ళు మూసుకుని గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపటికి ఆయన మొహం మారింది.

"లాగడం గాదు ఇది," అన్నాడు గుసగుసగా. "అడగతా ఉండాది."

పిండి మొత్తం అయిపోయేదాకా లేవలేదు. ఆ రోజు ఆ చెరువులో చేపలకు పండగ. బస్సులో తిరిగి వస్తూ నా కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, మోచేతి కింద వేలి కొసతో తాకుతూ వచ్చాడు. "ఇట్లనా? ఇంగా మెల్లగనా? ఇప్పుడు?" ఎదురుసీటు ఆమె మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి కిటికీ వైపు తిరిగింది. ఆయనకు పట్టలేదు.

కర్రను మొదటినుంచీ మళ్ళీ చేశాడు. కొస సన్నగా ఉన్న కడ్డీ తెప్పించాడు, చుట్లు తగ్గించాడు, రింగులు తేలికవి వేశాడు. నేను పోయినప్పుడల్లా ఇంకా కాలేదనేవాడు. చివరిసారి మాత్రం జిగురు పూస్తూ, "ఈ తూరి తెలస్తాది," అన్నాడు. అది నాతో ఆయన అన్న ఆఖరు మాట.

నేను వెళ్ళేసరికి ముందుగదిలో బంధువులు ఎవరూ లేరు. పటానికి పూలమాల, ఆ వీధివాళ్ళు కట్టింది, పటం కనబడనంత లావుగా ఉంది. మూల కర్ర తిరుగుతోంది. ఆవిడ గోడకు ఆనుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"జిగురు ఆరేదాకా ఆపొద్దు, ఒక పక్కకి జారిపోతాది అనేసి పండుకున్నాడు. లేయలా," అంది. "ఎంతసేపటికి ఆరతాదో సెప్పలేదు గదా. ఆయన్ని ఈడనే పండబెట్టినారు, అది ఆడ తిరగతానే ఉండె. మా మరిది ఆపబోయినాడు. నేను ఆపనీలా."

ఎడమ బొటనవేలితో జిగురును ఒత్తి చూశాను. గట్టిపడి ఎంతసేపయిందో. "ఆరిపోయింది వదినా," అన్నాను. ఆమె లేచి స్విచ్ ఆపింది. నేను కర్ర విప్పుకుని, రీలు బిగించి, దారం రింగుల్లోంచి దూర్చి, వెళ్ళొస్తానన్నాను.

"సరిసూడకుండా ఎట్ల తీసకపోతావు? ఆయనుంటే ఇయ్యనిచ్చునా?" అంది.

"ఇప్పుడెందుకులే వదినా."

ఆమె అప్పటికే దారం కొస చేతికి చుట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ దారాన్ని ఆమె ముట్టుకున్నది లేదు. చెప్పులు వదిలేసి వీధిలోకి దిగింది. అరుగుల మీద పూలు కడుతున్నవాళ్ళు ఏ చేప అని అడగలేదు. వేలితో దారం ఎత్తి పట్టుకుని ఆమెకు దారి ఇచ్చారు. మూలగోడ రింగులో దారం దూర్చి, ఆమె మలుపు తిరిగింది.

నేను కళ్ళు మూసుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మోచేతి కింద చిన్నగా ఏదో తెలిసింది. లాగడం కాదు. చేప ముట్టడం కూడా కాదు, అది నాకు బాగా తెలుసు. ఆగి ఆగి వస్తోంది, ఒకసారి సన్నగా, ఒకసారి నాలుగైదు కలిసి ఎగదన్నినట్టు. పాపం ఆమెకు చేతకావడం లేదనుకున్నాను.

"తెలస్తా ఉండాది వదినా, చాలు," అని కేకేశాను.

అది ఆగలేదు. ఆగాలని చూస్తోంది, ఆగలేకపోతోంది. అప్పుడు అర్థమైంది నాకు. ఫోన్లో ఏడవని మనిషి, అంతమంది బంధువుల ముందు కర్రకు కాపలా కూర్చున్న మనిషి, ఎవరికీ కనబడని ఆ మలుపు అవతల దారం చేతికి చుట్టుకుని ఏడుస్తోంది.

ఆయన పోయిన సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఆమె తనంతట తాను వదిలేదాకా, దారం సడలనివ్వకుండా పట్టుకుని నిలబడ్డాను.